అడగకుండా కోసిన జీతం

సూర్యాపేట,
14 సెప్టెంబరు 2025, ఆదివారం.

దీవెనకు,

నవనీత రాస్తున్నది. ఉత్తరం మొదట్లో అందరూ ఇక్కడ మేము క్షేమం అంటారు. ఇంట్లో బిక్షపతి, పాప బాగానే ఉన్నారు. నా సంగతి మాత్రం ఆ మాటలో కలిపి రాయలేను. మునగాలలో మీ అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందని అనుకుంటున్నాను. ఆమెకు నా వందనాలు చెప్పు.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఏం చేయను? ఫోను చేస్తే మోగదు. వాట్సాప్‌లో నీ ఫొటో కూడా పోయింది. కోదాడ బ్రాంచి నంబరుకు చేస్తే దీవెన సిస్టర్ వార్డులో ఉందంటారు. ఎప్పుడు చేసినా వార్డులోనే ఉంటావు. ఇంటర్ హాస్టల్లో ఒక ప్లేటులో తిన్నవాళ్ళం, ఒకే హాస్పిటల్లో ఉద్యోగం దొరికిందని ఇద్దరం కలిసి సంబరపడ్డవాళ్ళం. నీతో మాట్లాడాలంటే నేను స్టాంపులు అంటించాల్సి వస్తోంది. బస్సెక్కి రావచ్చు కదా అంటావు. వస్తే నువ్వు మొహం తిప్పుకుంటావేమోనని భయం. కాగితమైతే కనీసం చింపే ముందు చదువుతావు.

నా వైపు నుంచి ఒక్కసారి విను. జనవరిలో నేను వేసే జీతాలకు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. పాతదాంట్లో నైట్ డ్యూటీ డబ్బు షిఫ్టు లెక్కలోనే కలిసి ఉండేది. కొత్తదాంట్లో దానికి వేరే గడి పెట్టారు, కాని షిఫ్టు లెక్కలోంచి తీయడం మరిచిపోయారు. దాంతో రాత్రి డ్యూటీ చేసిన ప్రతివాళ్ళకూ ఆ డబ్బు రెండుసార్లు పడింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడు బ్రాంచీల్లోనూ ఏడు నెలల పాటు పడింది. మొదటి నెల పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి చూద్దామని నేను సంపత్ సారును అడిగాను. మన అడ్మినిస్ట్రేటర్ సంగతి నీకు తెలుసు. లెక్కలు కంపెనీవాళ్ళు చూసుకుంటారు, నువ్వు బటన్ నొక్కు చాలు అన్నారు. నొక్కాను. ఆగస్టులో ఆడిటర్ పట్టుకున్నాడు. అప్పటి నుంచి ఆ బటన్ నొక్కిన వేలు ఎవరిదన్న విచారణ తప్ప ఆఫీసులో వేరే మాట లేదు.

ఎక్కువ ఇచ్చింది తిరిగి తీసుకోవడం అన్యాయం కాదని నేను ఇప్పటికీ అంటాను. కాని సారు రెండు నెలల్లో మొత్తం రాబట్టమన్నారు. ఆగస్టు జీతాల్లో కోశాను. ఎవరినీ అడగలేదు. అడగాలని తోచనే లేదు. కంప్యూటర్ ముందు కూర్చుంటే అందరూ ఉద్యోగి నంబర్లుగానే కనిపిస్తారు దీవెనా. నువ్వు వార్డులో మనుషులను చూస్తావు, నేను వరుసలు చూస్తాను.

మీ బ్రాంచిలో స్ట్రెచర్ తోసే లాజరన్నకు ఆ నెల చేతికి అయిదు వేల చిల్లర వచ్చిందని, బండి కిస్తీ తప్పితే ఫైనాన్సువాళ్ళు వచ్చి రోగుల ముందే ఆయన చేతిలోంచి తాళంచెవి గుంజుకున్నారని నువ్వు ఫోనులో అరిచావు. నేనూ అరిచాను. తీసుకునేటప్పుడు మీవాళ్ళకు తెలియలేదా అన్నాను. నువ్వు మెల్లగా, మీవాళ్ళంటే ఎవరు నవనీతా అని అడిగావు. నేను జవాబు చెప్పేలోపు పెట్టేశావు.

కోదాడ బ్రాంచివాళ్ళు అన్నాను. అంతే. నీకు అందులో మీ కులమూ, మీ చర్చీ వినిపించాయంటే నేనేం చేయను? ఇన్నేళ్ళ స్నేహంలో నీకు నేను అర్థమైంది ఇదేనా?

రెండేళ్ళ కింద స్టాఫ్ సంఘానికీ హాస్పిటల్‌కూ లేబర్ ఆఫీసరు ముందు ఒప్పందం జరిగినప్పుడు సంఘం తరఫున నువ్వు కూర్చున్నావు. ఉద్యోగి రాతపూర్వకంగా సమ్మతిస్తే తప్ప జీతంలో కొత్త కోత ఏదీ వేయకూడదని ఒక వాక్యం పెట్టించావు. నువ్వు చెబుతుంటే టైపు చేసింది నేనే. నేను మరిచిపోయాను, సంపత్ సారు చదవనే లేదు, నువ్వు మాత్రం మరిచిపోలేదు. సంఘం అర్జీ పెట్టింది. హాస్పిటల్ లాయరును అడిగితే, ఆ వాక్యం ఉన్నంతకాలం అడగకుండా కోయడం కుదరదన్నాడు. కోసిందంతా తిరిగి వేశాను. ఇప్పుడు ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, అయ్యా మీకు ఎక్కువ ఇచ్చాం, కోసుకోమని సంతకం పెట్టండి అని అడగాలి. అడిగేది ఎవరనుకున్నావు? నేనే. సారుకు ఎండ పడదు.

కోదాడలో నీ మాట అందరూ వింటారు. సంతకం పెట్టొద్దని నువ్వే చెప్పావని ఇక్కడ అనుకుంటున్నారు. నిజమో కాదో నాకు తెలియదు. ఒక్కసారి మాట్లాడు.

నీ మీద కోపంతోనూ, నీ జవాబు కోసం ఎదురుచూస్తూనూ,
నవనీత


మిర్యాలగూడ,
10 అక్టోబరు 2025, శుక్రవారం.

దీవెనకు,

నవనీత నమస్కారాలు. దసరా అయిపోయింది. బతుకమ్మ ఆడటానికి పాపను తీసుకుపోయాను గాని నా కాళ్ళు లయలో పడలేదు. మీ ఇంట్లో అందరూ బాగున్నారనే అనుకుంటాను, నువ్వు చెప్పవు కనుక.

నీ నుంచి జవాబు రాలేదు. అయినా రాస్తున్నాను. ఇక్కడి బ్రాంచిలో క్యాంటీను మూలన కూర్చున్నాను. సూర్యాపేట బస్సుకు ఇంకా టైముంది. ఈ రోజు జరిగింది ఎవరికైనా చెప్పకపోతే తల పగిలేట్టుంది. ఇంట్లో చెబితే బిక్షపతి, నీకెందుకు లొల్లి, సారు చెప్పింది చెయ్ అంటాడు.

పొద్దున బయలుదేరే ముందు సంపత్ సారు పిలిచారు. సమ్మతి పత్రాల కట్ట చేతికిచ్చి, సంతకం పెట్టనివాళ్ళకు వచ్చే ఏడు జీతం పెరగడం కష్టమని మాటల మధ్యలో అనమన్నారు. బెదిరించమనడం లేదు, ఊరికే చెవిన వేయమంటున్నానన్నారు. ఆ రెంటికీ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియలేదు. కాని అప్పుడు తల ఊపాను.

ముందు గేటు దగ్గర ఫూల్‌సింగ్‌ను కలిశాను. వేములపల్లి దగ్గరి తండా నుంచి వస్తాడు, రాత్రి సెక్యూరిటీ. గొడవ పెడతాడని నాకు ముందే చెప్పారు. నేను మొత్తం వివరించి, మీకు తెలిసి ఉండదు గాని అంటుంటే చేయి అడ్డం పెట్టాడు.

“నాకు తెల్సు మేడం. మొదటి నెలనే తెల్సింది. మీకెప్పుడు తెలుస్తదో సూద్దామని ఊకున్న.”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మరి చెప్పలేదేమని అడిగితే, నన్నెవరు అడిగిన్రు అన్నాడు. ఆ డబ్బు ఒక్క రూపాయి ముట్టలేదట, బ్యాంకులోనే ఉందట. మొత్తం ఒకేసారి తీసుకోమని అక్కడికక్కడే సంతకం పెట్టాడు. పెట్టి, పోయిన నెల అడగకుండా కోశారు చూడు, అందుకు నాకొక మాట చెప్పాలన్నాడు. తప్పయిందని చెప్పాను. సరే పో అన్నాడు. అంత సులువుగా తేలిన పని ఈ నెలలో అదొక్కటే. ఏడు నెలలు తెలిసీ నోరు మూసుకున్న మనిషి దర్జాగా కట్టేశాడు.

తర్వాత నర్సమ్మ. ఆపరేషన్ థియేటర్ బయట నేల తుడుస్తుంది, నువ్వు చూసే ఉంటావు. భర్త లేడు. బిడ్డ ప్రత్యూష ఇంటర్ చదువుతోంది. నేను నోరు తెరవకముందే కొంగుకు చేతులు తుడుచుకుని బొటనవేలు చాపింది. ఎక్కడ వేయాలి అంది. ఆగమ్మా, ఎందుకో విను అన్నాను. వినడానికి ఆమెకు ఓపిక లేదు, భయమే ఉంది. ఆఫీసు నుంచి కాగితం వచ్చిందంటే వేలిముద్ర వేయాల్సిందేనని ఆమె లెక్క. నేను లెక్క చెబుతుంటే ప్రతి మాటకూ సరేనమ్మా, సరేనమ్మా అంటోంది. చివరికి ఒకటే అడిగింది.

“ఎయ్యకపోతే పనిలకెల్లి తీసేస్తరా అమ్మా?”

చూడు దీవెనా, నేను చెప్పాల్సింది లేదు అన్న ఒక్క మాట. అది నా నోట రాలేదు. తీసేయరని నాకు నమ్మకం ఉంటే కదా! పొద్దున తల ఊపి వచ్చినదాన్ని ఏ మొహంతో చెప్పను? ఆమె నా మొహంలోనే జవాబు చదువుకుంది. ఇంక్ ప్యాడు తానే తెరిచింది.

ప్యాడు మూసేశాను. ఇంటికి తీసుకుపోయి బిడ్డతో చదివించుకో, నీకు ఇష్టమైతేనే వెయ్యి, ఎంత కోయాలో కూడా నువ్వే చెప్పు అని కాగితం ఆమె చేతిలో పెట్టాను. దాంతో ఇంకా హడలిపోయింది. నేనేం తప్పు చేసిన్నమ్మా అని ఏడుపు మొదలుపెట్టింది. చుట్టూ జనం. నేను మంచి చేయబోతే అది కూడా ఆమెకు బెదిరింపులాగే కనిపించింది. ఇంత చేతకానితనం నాలో ఉందని నాకు తెలియదు.

అరగంటలో సంపత్ సారు ఫోను. ఇక్కడి సూపర్‌వైజర్ చెప్పినట్టున్నాడు. వేలు చాపినదాన్ని వెనక్కి పంపావట, నీకు జీతం ఇచ్చేది హాస్పిటలా, సంఘమా అని అడిగారు. నేను, సార్, భయపడి వేసిన వేలిముద్ర సమ్మతి కాదు, రేపు లేబర్ ఆఫీసరు ఆమెను పిలిచి అడిగితే అన్నీ తేలతాయి అన్నాను. లా చదివావా అన్నారు. చదవలేదు. నర్సమ్మ మొహం చూశాను, అంతే. అది ఫోనులో చెప్పడం చేతకాలేదు.

ఇటు నువ్వు నన్ను యాజమాన్యం మనిషి అంటావు. అటు సారు నన్ను సంఘం మనిషి అంటారు. నర్సమ్మకు నేను పొట్ట కొట్టడానికి వచ్చిన మనిషిని. నేను ఎవరి మనిషినో ఎవరైనా ఒకరు తేల్చి చెబితే బాగుండును.

ఇంకొక్క మాట. పోయిన ఉత్తరంలో నేను కోదాడ బ్రాంచివాళ్ళు అన్నానని గట్టిగా రాశాను. ఈ రోజు నర్సమ్మ దగ్గర నేను ఒక్క చెడ్డ మాట అనలేదు, అయినా ఆమె వణికింది. నేను అనుకున్నది ఒకటి, ఆమెకు చేరింది ఒకటి. నీ సంగతి కూడా అంతే కావచ్చు. నీకు అలా ఎందుకు వినిపించిందని నీతో తగువు పెట్టుకోను ఇక. నాకంటే ముందు ఎందరు నీతో ఆ మాట ఆ అర్థంతోనే అన్నారో నాకేం తెలుసు?

బస్సు వచ్చినట్టుంది.

నవనీత


సూర్యాపేట,
17 నవంబరు 2025, సోమవారం.

దీవెనకు,

నీ ఉత్తరం అందినప్పటి నుంచి జవాబు రాయాలని కూర్చోవడం, లేవడం. దాన్ని ఉత్తరం అనవచ్చో లేదో! మందుల చీటీ వెనక మూడే మూడు వాక్యాలు. ఎవరి లెక్క వాళ్ళకు కాగితం మీద తెలుగులో ఇవ్వు. వద్దనే హక్కు ఉందని అదే కాగితంలో రాయి. లాజరన్న దగ్గరికి నువ్వే రా. పైన నా పేరు లేదు, కింద నీ పేరు లేదు. అయినా నీ చేతిరాత చూసి ఆ పూట అన్నం తినబుద్ధయింది.

అందులో మొదటి రెండూ చేశాను. సమ్మతి పత్రం మళ్ళీ రాశాను. ఏ నెల ఎన్ని రాత్రులు, రావలసింది ఎంత, పడింది ఎంత, అన్నీ ఎవరివి వాళ్ళకు విడిగా. నెలకు ఎంత కోయాలో ఉద్యోగే రాసుకునే గడి పెట్టాను. అడుగున పెద్ద అక్షరాల్లో, ఒప్పుకోకపోయినా ఉద్యోగానికి, జీతం పెరగడానికి ఏ అడ్డూ ఉండదని రాశాను. ఆ వాక్యం చూసి సంపత్ సారు కాగితం నా మీదికి విసిరారు. ఇలా రాస్తే ఏ పిచ్చివాడు సంతకం పెడతాడన్నారు. లాయరు మాత్రం ఇదే సరైందన్నాడు కాబట్టి ఊరుకున్నారు. విచిత్రమేమిటంటే ఆ వాక్యం చదివాకే ఎక్కువమంది పెట్టారు. నర్సమ్మ బిడ్డతో చదివించుకుని తానే ఫోను చేయించింది, నెలకు మూడు వందలైతే ఇస్తానని. ఎన్నేళ్ళు పడుతుందో లెక్క వేయకు, నేనూ వేయలేదు.

మూడోది మిగిలింది. అందుకే పోయిన గురువారం కోదాడ వచ్చాను. నువ్వు ఆ రోజు కావాలనే సెలవు పెట్టావని మీ నర్సులు చెప్పారు. నీ ఫారం మాత్రం నింపి టేబుల్ మీద పెట్టి పోయావు, ఆరు కిస్తీలని. నువ్వు కట్టనని అన్న రోజు ఎప్పుడూ లేదని నాకు అప్పుడు అర్థమైంది. లాజరన్నతో నేను ఒక్కదాన్నే మాట్లాడాలని నీ ఉద్దేశం. సరే, ఏం జరిగిందో విను.

మధ్యాహ్నం దాకా ఆయన దొరకలేదు. హైవే మీద ఏదో ఆటో బోల్తాపడి ఒకే కుటుంబంవాళ్ళు నలుగురు వచ్చారు. ఆయన క్యాజువాలిటీ నుంచి ఎక్స్‌రేకు, ఎక్స్‌రే నుంచి పైకి తోస్తూనే ఉన్నాడు. నేను బల్ల మీద కూర్చుని చూశాను. ఈ మనిషి జీతం ఇన్నేళ్ళుగా నేను వేస్తున్నాను, పని చేస్తుండగా ఎప్పుడూ చూడలేదు. మలుపు దగ్గర రోగికి దెబ్బ తగలకుండా తన చెయ్యి గోడకు అడ్డం పెట్టి తిప్పుతాడు. ఆ చేతివేళ్ళ మీద చర్మం గట్టిపడి ఉంది.

పని తగ్గాక బయట టీ కొట్టు దగ్గరికి వచ్చాడు. నన్ను చూసి నమస్తే పెట్టి, నాకూ ఒక టీ చెప్పాడు. వద్దంటే వినలేదు. బండి తాళంచెవి సంగతి నేనే ఎత్తాను. ఆ రోజు జరిగినదానికి తప్పు నాది, నిన్ను అడగకుండా కోశాను అన్నాను. ఆయన ఆ మాట పట్టించుకోలేదు. బండి మళ్ళీ వచ్చిందిలే అన్నాడు. ఆయన బాధ అది కాదు. నేను ఏడు నెలల లెక్క చదువుతుంటే నేల చూస్తూ విని, నెమ్మదిగా చెప్పాడు.

నీకు గుర్తుందా దీవెనా, పోయిన డిసెంబరు హాస్పిటల్ ఫంక్షన్లో మన యజమాని పెద్ద డాక్టరు గారు మైకులో, కొత్త సంవత్సరంలో నైట్ డ్యూటీ వాళ్ళకు పెంచుతామని అన్నారు. ఆ మాట పెద్ద డాక్టరు గారికీ గుర్తులేదు, ఈయన చెప్పేదాకా నాకూ లేదు. లాజరన్నకు ఉంది. జనవరి జీతం పడగానే అన్నమాట నిలబెట్టుకున్నారనుకున్నాడు. ఆ ఆదివారం చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడట, దేవుడు నా యజమానుల మనసు కరిగించాడని. మొదటి నెల ఎక్కువ వచ్చిందంతా కృతజ్ఞత కానుకగా కవరులో పెట్టి ఇచ్చేశాడట. నేను ఫోనులో నీతో, తీసుకునేటప్పుడు తెలియలేదా అన్నది ఈ మనిషి గురించి.

“నా కష్టానికి పెంచారనుకున్నానమ్మా. పొరపాటున పడిందంటున్నారు గదా ఇప్పుడు. మరి నేను సంఘంలో నిలబడి చెప్పిందేమైనట్టు?”

ఆయన సంఘం అంటే చర్చి అని అర్థం కావడానికి నాకొక క్షణం పట్టింది. ఇది అందరికీ జరిగిన పొరపాటని, దేవుడికి అబద్ధం చెప్పినట్టు కాదని ఏదో గొణిగాను. ఆయన వినలేదు. కాగితం తీసుకుని అడుగు వాక్యం మీద వేలు పెట్టి, వద్దనొచ్చని రాసింది నిజమేనా అని అడిగాడు. నిజమే అన్నాను. ఈసారి ఆ మాట తడబడకుండా వచ్చింది.

“అయితే వద్దని రాయమ్మా. నేను చేయని పనికి ఒక్క రూపాయి తీసుకోలేదు. పెంచుతామన్నది పెంచమనండి, ఆ తర్వాత ఎంత కోసుకున్నా నేను అడగను.”

తనకు రాయడం సరిగా రాదని నన్నే రాయమన్నాడు. వసూలు చేయడానికి వచ్చినదాన్ని, సమ్మతి లేదని నా చేత్తో రాసి ఇచ్చాను. కింద ఆయన కూడబలుక్కుని సంతకం పెట్టాడు. టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

బస్సులో వస్తుంటే నాకు ఆయన మీద కోపం రాలేదు. పెంచుతామని మైకులో అని మరిచిపోయినవాళ్ళ మీద వచ్చింది. పెంచి ఉంటే ఈ గొడవలో సగం ఉండేది కాదు. ఆ మాట శుక్రవారం పెద్ద డాక్టరు గారి గదిలోనే అన్నాను. సంపత్ సారు ముందుగానే, లాజరును మిర్యాలగూడ రాత్రి డ్యూటీకి మారిస్తే వారంలో సంతకం పెడతాడని సలహా ఇచ్చి కూర్చున్నారు. రోజూ కోదాడ నుంచి మిర్యాలగూడ! నా ఒంట్లోకి ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, అలా మారిస్తే ఎందుకు మార్చారో లేబర్ ఆఫీసరుకు నేనే చెబుతానన్నాను.

పెద్ద డాక్టరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ మాట నేను అన్నానా అని అడిగారు. అన్నారని చెప్పాను. చివరికి ఒప్పుకున్నవాళ్ళ దగ్గర వాళ్ళు చెప్పినంతే కోయమన్నారు. లాజరన్నను మార్చవద్దన్నారు. జీతం పెంపు సంగతి మార్చిలో చూద్దామన్నారు. ఒప్పుకోనివాళ్ళ బాకీ హాస్పిటలే భరిస్తుందని తేలింది. ఎగిరి గంతేయాల్సిన వార్త కాదు గాని, నువ్వు పెట్టించిన వాక్యం నిలబడింది. నర్సమ్మకు మూడు వందలు, లాజరన్నకు ఏమీ లేదు. ఈ కబురు నువ్వే ఆయనకు చెప్పు. నేను చెబితే మళ్ళీ ఏ కాగితం తెచ్చానోనని కంగారుపడతాడు.

అలసిపోయాను దీవెనా. ఈ మూడు ఊళ్ళ మధ్య తిరిగిన బస్సుల్లో ఎంతమంది తిట్లు తిన్నానో! సరే, అయిపోయింది. మీ అమ్మను అడిగానని చెప్పు. చలి మొదలైంది, మోకాళ్ళకు ఉన్ని బట్ట చుట్టుకోమను.

మళ్ళీ నీ గొంతు వినాలని కోరుకుంటూ,
నవనీత

తా.క. కవరు అంటించి మళ్ళీ చించాను. పైన ఒక మాట నిజం రాయలేదు. ఒప్పుకోనివాళ్ళ బాకీ హాస్పిటల్ భరించడం లేదు. బటన్ నొక్కింది నేనేనని నా మీద వేశారు. శుక్రవారం పెద్ద డాక్టరు గారు లేచిపోయాక సంపత్ సారు ఒక కాగితం నా ముందుకు తోశారు. నేను రాసిన సమ్మతి పత్రమే. పేరు దగ్గర నవనీత. మొత్తం రెండు లక్షల పైచిలుకు. కిస్తీ గడి కూడా వాళ్ళే నింపేశారు, నా జీతంలో సగం. అడుగున నేను పెట్టిన వాక్యం మాత్రం తీసేశారు. పది రోజుల్లో సంతకం చేయాలి, లేకపోతే వేరే ఉద్యోగం చూసుకోవాలి. పెద్ద డాక్టరు గారికి ఇది తెలుసో లేదో నాకు తెలియదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. చెబితే బిక్షపతి పోనీ పెట్టెయ్, ఉద్యోగమైనా ఉంటుంది అంటాడు. అలా అంటే నేను పెట్టేస్తానేమోనని నా భయం.

పెట్టను. ఆఫీసు స్టాఫుకు మీ సంఘంలో సభ్యత్వం లేదని తెలుసు. కాని నువ్వు చెబితే నేను టైపు చేసినప్పుడు ఉద్యోగి అనే రాశాము, సంఘం సభ్యులు అని రాయలేదు. నిన్న ఆ ఒప్పందం మళ్ళీ తీసి చూశాను. వచ్చే సోమవారం పొద్దున ఇక్కడి లేబర్ ఆఫీసుకు పోతున్నాను. నీకు వీలైతే, మనసొప్పితే రా. మాట్లాడేదంతా నేనే మాట్లాడతాను. పక్క కుర్చీలో ఒక మనిషి ఉంటే చాలు.